సజ్జకు తేనె పట్టిన ఏడు

1953 ఆగస్టు 30

ఆస్పత్రి నుంచి వచ్చాక ఇవాళే కలం పట్టుకున్నాను. కర్నూలులో చన్నుగడ్డ కోసి కట్టు కట్టారు. ఎడమ పక్క పుండు ఇంకా పచ్చిగానే ఉంది. కుడి పక్క దానంతట అదే ఎండిపోయింది. "ఈ కాన్పుకు ఇక పాల ఆశ పెట్టుకోవద్దమ్మా" అని డాక్టరమ్మ ముందే చెప్పింది. నేను పెట్టుకోలేదు. పెట్టుకోలేదనే అనుకుంటున్నాను.

బాబుకు భీమక్క పాలిస్తోంది. బోయవీధిలో అయ్యన్న పెండ్లాం, మా చేలల్లో కలుపు తీసే మనిషి. దానికి మూడు నెలల ఆడపిల్ల ఉంది. గిడ్డమ్మ అని పేరు పెట్టి గిడ్డి అని పిలుస్తారు. మా వాడికంటే నెల పెద్దది. అత్త మొదట "బోయోళ్ళ పాలా!" అని ముఖం తిప్పుకుంది. రెండు రోజులు వాడు చక్కెరనీళ్ళతో గొంతు పోయేలా ఏడ్చాక తానే మనిషిని పంపి పిలిపించింది. ఇప్పుడు భీమక్క రాగానే కాళ్ళు కడుక్కోమని చెంబు అందిస్తుంది, వసారాలో చాప పరుస్తుంది.

వాడు తాగుతున్నంతసేపూ నేను పక్కనే కూర్చుంటాను. చూడలేను, లేచి పోలేను.

కూలి కాక భీమక్కకు రోజుకొక పడి గింజలు. కూలీలందరికీ గింజలు కొలిచి పోసే పని అత్త నాకు అప్పగించింది. "పచ్చి ఒళ్ళు, ఎండలో తిరగలేవు. నీడన కూచోని కొలుచు" అన్నది.

మూడేండ్ల కరువు తర్వాత వాన. పోయినేడు ఈ రోజుల్లో గంజికేంద్రం ముందు ఈ ఊరివాళ్ళంతా సత్తుగిన్నెలు పట్టుకుని నిలబడ్డారు. ఈ ఏడు సజ్జ మనిషి ఎత్తు లేచి పూత మీదుంది. మామ పొద్దున చేనికి పోతే మధ్యాహ్నానికి గాని ఇంటికి రాడు. అక్కడ పనేమీ లేదు. గట్టు మీద నిలబడి చూస్తుంటాడంట.

సెప్టెంబరు 6

ముసురు. ఎండ ముఖం చూసి ఎన్నాళ్ళయిందో. రాళ్ళగుట్ట కనపడటం లేదు. బాబు గుడ్డలు పొయ్యి మీద ఆరబెడుతున్నాం, అన్నీ పొగ వాసన.

సెప్టెంబరు 9

బాబు నవ్వాడు. భీమక్కను చూసి.

సెప్టెంబరు 13

భీమక్క చేతులకు జిగురు అంటుకుని వచ్చింది. ఎంత కడిగినా పోలేదు.

"సజ్జకు తేనె పట్టిండాదమ్మా" అన్నది. "కంకులన్నీ బంక బంక. చీమలు, ఈగలు, ముసిరిండాయి. పిల్లోళ్ళు కంకి వంచుకోని నాకుతాండారు. శానా తీపంట."

"తీపి పడితే మంచిదేలే" అన్నది అత్త.

"ఎవరు చెప్పారత్తా?"

"ఎవురో చెప్తారు. చెడ్డదయితే తీపెందుకుంటాది?"

గిడ్డిని కూడా ఈరోజు చంకనేసుకుని వచ్చింది. బొద్దుగా ఉంది. చేతికి నల్లదారం బిగుసుకుపోతే అత్తే కత్తెర తెచ్చి కోసి కొత్తది కట్టింది. బాబునూ గిడ్డినీ చాప మీద పక్కపక్కన పడుకోబెట్టాం. గిడ్డి వాడి చెవి పట్టుకుని వదల్లేదు. అత్త కూడా నవ్వింది.

భీమక్క కొంగుకు అంటిన బంకను నేను వేలితో తీసి నోట్లో పెట్టుకున్నాను. నిజంగానే తీపి.

సెప్టెంబరు 21

వ్యవసాయశాఖ ఆయన సైకిలు మీద వచ్చాడు. దావీదురాజు అంట పేరు. చేలన్నీ తిరిగి, మోకాళ్ళదాకా బురదతో మా అరుగు మీద కూర్చున్నాడు. నేను తలుపు వెనక నుంచి విన్నాను.

"అది తేనె కాదు రెడ్డిగారూ, తెగులు. పూత మీద ముసురు పట్టింది కదా, అందుకని వచ్చింది. ఈ బంక ఎండిపోయాక గింజ ఉండాల్సిన చోట నల్లటిది ఒకటి పెరుగుతుంది. అది గింజ కాదు. విషం. తినకూడదు."

"మందుండాదా?"

"ఇప్పుడేమీ లేదండీ."

"తింటే ఏమయితాదప్పా?"

"తల తిరుగుతుంది, వాంతులవుతాయి, మత్తుగా పడుకుంటారు. పశువులకైతే పాలు ఎండిపోతాయని పుస్తకంలో చదివాను. మనుషుల సంగతి నాకు ఖాయంగా తెలియదు. పై ఆఫీసుకు రాశాను, జవాబు రాలేదు." తర్వాత ఉపాయం చెప్పాడు. కోడిగుడ్డు తేలేంతగా నీళ్ళలో ఉప్పు కలపాలంట. గింజలు అందులో పోస్తే మంచివి మునుగుతాయి, నల్లవి తేలతాయి. తేలినవి తీసి పారేసి, మునిగినవి మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టుకోవాలి.

"ఎన్ని బస్తాలప్పా కడిగేది?" అన్నాడు మామ. "ఇల్లు నిండే గింజను నీళ్ళలో పోసి మళ్ళా ఆరబెట్టాల్నా? ఈ ముసుర్లో యాడ ఆరుతాది? తడిసిన గింజ శెట్టి కొంటాడా, గాదెలో నిలుస్తాదా?"

దావీదురాజు మజ్జిగ గ్లాసు అందుకున్నాడు. "తినేవరకన్నా కడుక్కోండి" అని, మజ్జిగ తాగి పోయాడు.

ఆయన పోయాక మామ ఎవరితోనూ కాకుండా అన్నాడు: "వానల్లేక మూడేండ్లు ఎండితే ఒక్కడూ సైకిలెక్కి రాలేదు. పంట పండినంక తినొద్దని చెప్పనీకి వచ్చినాడు."

పశువులకు అన్నాడు. మనుషుల సంగతి తెలియదన్నాడు.

అక్టోబరు 1

ఇవాళ కర్నూలు రాజధాని అయింది. బాబు నాన్న నెల ముందునుంచీ అక్కడే ఉన్నాడు. గుడారాలు వేసే పని, షెడ్లు కట్టే పని గుత్తకు తీసుకున్నాడు. ఊళ్ళో సగం మంది మగవాళ్ళు తమాషా చూడటానికి పోయారు. మిగిలిన సగం సజ్జ కోస్తున్నారు. కోసిన కంకులు నల్లగా ఉన్నాయని భీమక్క చెప్పింది.

అక్టోబరు 8

కళ్ళం దగ్గరికి పోయి చూశాను. ఎలుక పెంటికల్లా ఉన్నాయి. కొన్ని గింజకంటే పొడుగు, కొన్ని గింజంతే. తూర్పార పడితే పొడుగువి పొట్టుతో ఎగిరిపోయాయి. చిన్నవీ విరిగినవీ గింజతోనే రాలాయి. మామ రెండుసార్లు తూర్పార పట్టించాడు. పైపైన ఉన్న మంచి గింజ గాదెకు పోయింది. నడిమి రాశి బస్తాలకెత్తి పుల్లయ్యశెట్టి బండ్లకు వేశారు. కర్నూలుకు కొత్తగా జనం వచ్చారు, ఎంత గింజ అయినా చాలడం లేదంట. అడుగు గింజ కూలికి.

అడుగు గింజ ఎప్పుడూ కూలికే పోతుంది. ఇది ఈ ఏడు కొత్తగా పెట్టింది కాదు.

"అత్తా, కూలి గింజనన్నా ఉప్పునీళ్ళలో..." అన్నాను.

"మీ మామనడుగు."

అడగలేదు. రెండుసార్లు తూర్పార పట్టారు కదా.

అక్టోబరు 13

అయ్యన్న, ఇంకో పదిమంది పొద్దున్నే అరుగు ముందుకు వచ్చారు.

"రెడ్డీ, ఈ గింజ తింటే కండ్లు తిరుగుతాండాయి" అన్నాడు అయ్యన్న. "నిన్న రేత్రి తిని పండుకున్నోళ్ళం పొద్దెక్కినా లేసేకి అయితాలేదు. మా సుంకమ్మ కక్కి కక్కి పడిండాది." సుంకమ్మ అతని తమ్ముడి భార్య. ఆమెకూ చంటిబిడ్డ ఉన్నాడు.

"మూడేండ్లు గంజి తాగిన కడుపప్పా" అన్నాడు మామ. "ఒక్కసారిగా రొట్టె పడితే తిరక్కుంటాదా? నేను తినడంల్యా అదే సజ్జ?" లోపలికి తిరిగి కేకేశాడు. మా వంటమనిషి గంగక్క రొట్టె, ఉల్లిగడ్డ కారం తెచ్చి పెట్టింది. మామ అరుగు మీద బాసింపట్టు వేసుకుని అందరి ఎదుటా తిన్నాడు. ఇంకొకటి అడిగి అదీ తిన్నాడు. నీళ్ళు తాగి, చేయి కడుక్కుని, పొద్దు నెత్తికి వచ్చేదాకా అక్కడే కూర్చున్నాడు. ఏమీ కాలేదు. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని కళ్ళానికి పోయారు.

ఆ రొట్టె పిండికి గాదె గింజ తీసి, గంగక్క తెల్లవారి వెలుగులో చేట పెట్టుకుని ఒక్కొక్క నల్లదీ ఏరింది. ఏరినవి పొయ్యిలో వేసింది. నేను చూశాను. అత్త కూడా చూసింది.

నన్నెవరూ అడగలేదు.

అక్టోబరు 17

భీమక్క ఆలస్యంగా వచ్చింది. గోడకు ఆనుకుని పాలిస్తూనే కునుకు తీసింది. బాబు నోరు పెట్టాడు, తీశాడు, ఏడ్చాడు, మళ్ళీ పెట్టాడు.

"గిడ్డి తాగిందా భీమక్కా?"

"తాగిందిలేమ్మా. దానికిచ్చే వచ్చినా."

అక్టోబరు 19

గిడ్డి తాగిందంట.

అక్టోబరు 21

ఆయన కర్నూలు నుంచి వచ్చి రెండు రోజులుండి పోయాడు. బాబును ఎత్తుకుని "ఏమే, వీడు తేలికయినాడు" అన్నాడు. పండ్లు వచ్చే ముందు అట్లాగే అవుతుందని అత్త అన్నది. నాలుగు నెలలకు పండ్లేమిటి?

ఆయన షెడ్ల దగ్గర కూలీలు వాంతులతో పడుతున్నారంట. "తుంగభద్రకు కొత్తనీళ్ళు వచ్చినాయి, పడడంల్యా వాండ్లకు. మత్తు తిన్నోళ్ళ మాదిరి పండుకుంటాండారు. పని జరగడంల్యా."

"వాళ్ళు తినేది ఏం గింజ?"

"ఇంకేంటిది? పుల్లయ్యశెట్టి అంగడిదే. మన సజ్జే!" అని నవ్వాడు. సంతోషంగానే చెప్పాడు.

దావీదురాజు చెప్పిన మాట ఆయనకు చెప్పాను. "నాన్నతో చెప్పినావా?" అన్నాడు. లేదన్నాను. తానూ చెప్పలేదు.

అక్టోబరు 23

భీమక్క రొమ్ము పిండి చూపించింది. రెండు చుక్కలు.

అత్త మెంతులు వేయించి, తెల్లగడ్డలు బెల్లంతో దంచి ఉండలు చేసి ఇచ్చింది. నాతో "రేపటినుంచి దానికి ఇంగొక పడి ఎక్కువ పొయ్యి. కడుపునిండా తింటే గదా పాలు పడేది" అన్నది.

"మన జొన్నలు ఇద్దాం అత్తా. వాకిట్లో నేల కింద పాతరలో ఉన్నాయి కదా."

"దానికి జొన్నలిస్తే వీధి వీధంతా చేట పట్టుకోని వస్తాది. మీ మామ ఆ పాతర మూత తీయనిస్తాడా?"

ఇంకో పడి ఎక్కువ పోశాను. పైన గోపురం కట్టేలా నిండుగా కొలిచాను. "సల్లగుండు తల్లీ" అన్నది భీమక్క.

అక్టోబరు 25

సుంకమ్మకూ పాలు ఎండిపోయాయంట. వీధిలో ఇంకో బాలింతకూ అంతే. వీధి మొదట్లో ఇంటివాళ్ళ మేక నెలలు నిండకుండానే పిల్లను పారేసింది. వాళ్ళ పెద్దాయన ముండ్లచెట్టు కింద తల పట్టుకుని కూర్చుని లేవలేకపోతే మంచంమీద మోసుకుపోయారంట. ఇవన్నీ గంగక్క రొట్టెలు తడుతూ చెప్పింది. అత్త "దిష్టి" అన్నది, "పైత్యం" అన్నది, "చలిగాలి" అన్నది.

పశువులకు అన్నాడు దావీదురాజు.

అక్టోబరు 27

తాగిందంట.

అక్టోబరు 28

బాబు అర్ధగంటసేపు లాగి లాగి, చివరికి ఊరికే నోట్లో పెట్టుకుని పడుకున్నాడు. అత్త బర్రెపాలు నీళ్ళు పోసి తాపితే విరేచనాలయ్యాయి. రేపటినుంచి మేకపాలు చూడాలి.

"గిడ్డిని తీసుకురా భీమక్కా, చూసి చాన్నాళ్ళయింది."

"నిద్దరపోతాందమ్మా."

మొన్న అడిగినా ఇదే చెప్పింది. మంచిదే. నిద్రపోయే పిల్లకు ఆకలి ఉండదు కదా.

బోయవీధి మా ఇంటి వెనక గోడ దాటితే వస్తుంది. పోయి చూడవచ్చు. ఎడమ పక్క పుండు ఇంకా మానలేదు.

అక్టోబరు 31

భీమక్క సాయంత్రం కూడా వచ్చింది. గింజలు పోశాను. అడగలేదు ఇవాళ.

నవంబరు 1

గిడ్డి చనిపోయింది. కోడి కూసే వేళకు.

నవంబరు 2

వాళ్ళ ఇంటికి పోయాను. ఈ ఊరికి కోడలిగా వచ్చాక ఆ వీధిలో అడుగు పెట్టడం ఇదే మొదలు. అత్త వద్దనలేదు, రమ్మంటే రానూ లేదు.

భీమక్క గుడిసె ముందు కూర్చుని ఉంది. ఏడవటం లేదు. ఒళ్ళో సుంకమ్మ కొడుకు. వాడికి ఉత్త రొమ్ము పట్టించి ఊపుతోంది. సుంకమ్మ లోపల మత్తుగా పడి ఉంది.

ఆమే అన్నది:

"సప్పరించి సప్పరించి నిద్దరపోయేదమ్మా గిడ్డి. ఆకిరి మూడు దినాలు ఏడ్సేకి కూడా దానికి శాతకాలేదు. కాసిన్ని నీళ్ళు వేలితో నోట్లో పెడితి."

"నాతో తాగిందని చెప్పావు కదా భీమక్కా..."

"నువ్వడుగుతాంటివి గదా. తాగలేదంటే నన్ను రావద్దందురు. రాకుంటే గింజలెవరిస్తారు? గింజల్లేకుంటే పాలు యాడివి?" ఆమె గొంతులో కోపం లేదు. దారి చెప్పినట్టు చెప్పింది. "ఉన్న నాలుగు సుక్కలూ మీ బిడ్డకే ఇస్తి. ఆ గింజలతో ఇంట్లో ఐదుమందిమి తింటిమి."

గుడిసెలో చేటలో గింజలు ఉన్నాయి. నేను కొలిచినవే. నల్లవి దూరానికే కనపడుతున్నాయి.

నేను అడుగుతూ వచ్చింది గిడ్డి కోసం కాదు. తాగిందనే మాట ఒకటి నాకు కావలసి వచ్చింది. రోజూ ఆమె ఆ మాట ఇచ్చింది, నేను గింజలు ఇచ్చాను.

నవంబరు 3

పొద్దున్నే అత్త: "ఇంక దానికి ఒళ్ళో బిడ్డ లేదు గదా. వచ్చే కాసిని పాలూ మనోనికే సరిపోతాయి. మనిషిని పంపించేదా?"

అత్త చెడ్డ మనిషి కాదు. గిడ్డి చేతికి దారం కట్టింది. నిన్న గంగక్క చూడకుండా కండ్లు తుడుచుకుంది. అయినా ఆ మాట అన్నది. బాబు మేకపాలు కక్కుతున్నాడు మరి.

"పంపవద్దు" అన్నాను. ఆ ఇంట్లో అంత గట్టిగా మాట్లాడటం నాకు కొత్త. అత్తకూ కొత్తే.

మామ భోజనానికి కూర్చున్నప్పుడు ఎదురుగా పోయి నిలబడి అడిగాను. పాతర తెరవమన్నాను, కూలీలకు జొన్నలు పోయమన్నాను, సజ్జను ఉప్పునీళ్ళలో కడిగిద్దామన్నాను. తలెత్తి నన్ను చూశాడు. అరవలేదు.

"వేణమ్మా, మూడేండ్లు ఈ ఇంట్లో ఎవురూ గంజిగిన్నె పట్టుకోని రోడ్డెక్కలేదంటే ఆ పాతర వల్లనే. ఇప్పుడు తెరిచి ఊరందరికీ పంచుతా. వచ్చే ఏడు వాన రాకుంటే నీ కొడుక్కేం పెడతావు? వాండ్లకేం పెడతావు?"

ఆయన చెప్పింది అబద్ధం కాదు.

"ఆ సజ్జ విషం మామా."

"నేను తిన్నాను గదా. అందరూ చూసినారు."

నేను అత్తను చూశాను. అత్త గరిటె వైపు చూసింది.

నవంబరు 4

కూలి రాశిలోంచి నేనే రెండు పడులు తీసి నేనే తిరగలిలో విసిరాను. గంగక్క "ఏరిస్తాను ఉండమ్మా" అన్నది, వద్దన్నాను. పిండి బూడిద రంగులో వచ్చింది. మధ్యాహ్నం రెండు రొట్టెలు తిన్నాను. కొద్దిగా చేదు, అంతే. ఇంతదానికి మనుషులు పడిపోతారా అనిపించింది. రాత్రికి ఇంకో రెండు. మామ చూస్తుండగానే.

"ఏంది ఈ మొండితనం" అన్నాడు. ఆపలేదు.

నవంబరు 5

గోడ తిరుగుతోంది. అక్షరాలు

నవంబరు 8

ఇవాళ కూర్చోగలిగాను. జరిగింది నాకు కొంత తెలుసు, కొంత గంగక్క చెప్పింది.

ఐదో తేదీ పొద్దున వాంతులు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి కండ్లు తెరవలేకపోయాను. పిలుస్తుంటే వినపడేది గాని నాలుక కదిలేది కాదు. నూతి అడుగున పడుకుని పైన మాట్లాడుకునే వాళ్ళను విన్నట్టు. బాబు ఏడుపు ఎక్కడో వినపడింది. అది నా బిడ్డ ఏడుపని తెలుసు, లేవాలని మాత్రం అనిపించలేదు. అదే నాకు ఇప్పటికీ భయంగా ఉంది. ఆ వీధిలో తల్లులకు రోజూ ఇదే కదా.

మామ "పైత్యం, పచ్చి బాలింత మొండికేసి తిన్నాది" అన్నాడంట. అప్పుడు అత్త లేచింది. పెండ్లయి నలభై ఏండ్లలో మామ ముందు గొంతెత్తని మనిషి. నేనూ విన్నాను, నూతి అడుగునుంచి:

"ఆ పొద్దు నువ్వు అరుగు మీద కూచోని తిన్న రొట్టె గంగక్క ఒక్కొక్క గింజా ఏరి చేసింది! నేను చూస్తానే ఉండా. నా కోడలూ చూసింది. నీ కోడలు తిన్నది నువ్వు కూలోళ్ళకు పోసేది. రెండూ ఒగటేనా చెప్పు! ఈ పిల్ల కూడా పోతే నీ పాతర ఎవురికి దాస్తావు?"

మామ గంగక్కను పిలిచి "నిజమేనా?" అని ఒక్క మాట అడిగాడంట. ఆమె తల ఊపింది. ఆ రాత్రి మామ అన్నం తినలేదు.

మరునాడు తానే గడ్డపార తీసుకుని వాకిట్లో పాతర మీది మట్టి తవ్వాడు. జీతగాళ్ళు వస్తే పక్కకు పొమ్మన్నాడంట. మూతబండ తొలగించి, విషగాలి పోవడానికి మధ్యాహ్నందాకా వదిలి, దీపం దించి చూసి, ఆరలేదని తెలుసుకుని అప్పుడు అయ్యన్నను దింపాడు. అయ్యన్న కూతురిని పూడ్చి వారం కూడా కాలేదు. తట్టలు పైకి వచ్చాయి, మామ అందుకున్నాడు.

నవంబరు 12

వాకిలి నిండా కడవలు. దావీదురాజుకు కబురు పంపితే వచ్చాడు, కోడిగుడ్డు వేసి ఉప్పు చూసుకున్నాడు. గింజ పోయగానే నల్లవన్నీ బుడబుడమని పైకి లేచాయి. నీళ్ళ మీద చీమల బారులా తేలాయి. ఇన్ని ఉంటాయని ఆయనే అనుకోలేదంట. "పై ఆఫీసు నుంచి జవాబు వచ్చిందా?" అని అడిగాను. లేదన్నాడు. "వచ్చేదాకా చూడకుండా నేనే ఇంకోసారి రావలసింది" అని తల దించుకున్నాడు.

తేలినవి గుంటలో పూడ్చారు. వీధివాళ్ళందరికీ జొన్నలు నేనే కొలిచాను. ఒకరిద్దరు నా చేతి వైపు కాక పడిలోకి చూశారు, గింజ తెల్లగా ఉందా లేదా అని.

పుల్లయ్యశెట్టికి పోయిన బండ్ల సంగతి మామను అడిగాను. "అమ్మింది అమ్మినట్టే" అన్నాడు. బాబు నాన్నకు కర్నూలుకు కబురు చేశాను. శెట్టితో మాట్లాడతానని చెప్పి పంపాడు. మాట్లాడాడో లేదో తెలియదు. ఆ గింజ ఇప్పుడు ఎవరి పొయ్యి మీద ఉందో, ఎవరు పాలిస్తున్నారో.

నవంబరు 16

వీధిలో మత్తు తగ్గింది. వాంతులు లేవు. సుంకమ్మ కూలికి వచ్చింది. తనకు పాలు తిరిగి రాలేదంట. భీమక్కకు వస్తున్నాయంట, సుంకమ్మ కొడుకును రొమ్ము వదలనివ్వకుండా పెట్టుకుంది కదా. ఈ మాట గంగక్క నాతో చెప్పింది. అత్తకు చెప్పవద్దన్నాను. అత్తకు అప్పటికే తెలుసు.

నవంబరు 22

బాబు మెడ నిలపడం మానేశాడు. మేకపాలు లోపలికి పోయినంత సేపు ఉండటం లేదు. అత్త నిన్నంతా నా ముఖం చూస్తూ తిరిగింది గాని భీమక్కను పిలిపిస్తానని అనలేదు. పొద్దున నేనే వాడిని ఎత్తుకుని వెనక గోడ దాటాను.

భీమక్క గడప మీద కూర్చుని సుంకమ్మ కొడుక్కు పాలిస్తోంది. నిజం పాలు. వాడి గొంతు కదలడం కనపడుతోంది. నన్ను చూసి లేవలేదు. బాబు ఆ వాసనకు తల తిప్పి ఏడ్చాడు, సన్నగా.

ఏమని అడగాలో తెలియక నిలబడ్డాను. ఎంత గింజ ఇస్తానని అడగను? ఆ మాట నా నోట ఇక రాదు.

ఆమె బాబును చాలాసేపు చూసింది. వాడి చేతులు, కాళ్ళు. తర్వాత అన్నది:

"వీనిది కానీమ్మా. వీడు తాగినంక ఉంటే సూస్తాం."

"సరే భీమక్కా."

చాప లేదు. అడగలేదు. గడప పక్కన నేల మీద కూర్చున్నాను. కూలికి పోయేవాళ్ళు ఆగి చూసి పోయారు. రెడ్డి కోడలు బోయవీధిలో నేల మీద కూర్చుందని ఈపాటికి మామకు చేరి ఉంటుంది. సుంకమ్మ కొడుకు ఒక పక్క అయిపోయి రెండో పక్కకు మారాడు. వాడికి తొందరేమీ లేదు. భీమక్క వాడి తల నిమురుతూ కూర్చుంది. నేను బాబును భుజాన వేసుకుని ఊపుతూ కూర్చున్నాను.

ఈరోజు మిగల్లేదు. రేపు ఇంకా పెందలాడే పోతాను.